కషాయం గారి బుడ్లు

ఆయనకో పేరుండేది గానీ అది హాజరు పట్టీ దాటి బయటికొచ్చిన పాపాన పోలేదు. ప్రొఫెసర్ల దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆయన కషాయం గారు. ఔషధ మొక్కల ఆకులు, తొక్కలు, వేళ్లు ఎండబెట్టి, పొడి కొట్టి, మరిగించి, వాటిలోని సారం దించడం ఆ కాలేజీ ల్యాబులో ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆయన పని. ఆ పేరెందుకొచ్చిందో ఎవరూ అడగక్కర్లేదు. మొదట్లో వట్టి 'కషాయం' అనేవాళ్లు. అప్పుడు ఒళ్లు మండేది. పోనుపోను పక్కన 'గారు' చేరింది. చేదు మందు మీద తేనె చుక్క వేసినట్టయి, మింగడం అలవాటైపోయింది.

చేరినప్పుడు ఆయన గాజు సామాను కడిగే మనిషి. కూర్చోబెట్టి నేర్పినవాళ్లెవరూ లేరు. చేతులు తొట్టిలో, కళ్లు బల్లల మీద పెట్టి నేర్చుకున్నాడు. ఎంగిలి గిన్నెని చూసి వంటెలా కుదిరిందో చెప్పగలిగినట్టు, కడగడానికొచ్చిన గాజు కుప్పె అడుగు చూసి ఎవరు మంట ఎక్కువ పెట్టారో, ఎవరు తొందరపడి సగంలో దించేశారో చెప్పేవాడు. ఒకసారి ఒక పరిశోధక విద్యార్థి జబ్బుపడితే రెండు వారాలు ఆయనే పని నడిపించాడు. "వాడికంటే నువ్వే నయమయ్యా" అన్నాడు అప్పటి ప్రొఫెసర్. ఆ తర్వాత ఆయన్ని తొట్టి దగ్గరికి పొమ్మని ఎవరూ అనలేదు. అలాగని తొట్టి పనికి ఇంకొకరిని పెట్టనూ లేదు. రెండూ ఆయనే చేసుకొచ్చాడు.

"ఎండలో పడేస్తే ఆకు చస్తుంది. నీడలో ఆరేస్తే నిద్రపోతుంది. మనకి కావలసింది నిద్రపోయిన ఆకు" అని కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ చెప్పేవాడు. మేడ మీద రేకుల గదిలో కాగితాలు పరిచి, ఆకుని రోజుకి రెండుసార్లు అరచేత్తో తిరగేసేవాడు. గలగలమన్నాక పొడి కొట్టి, జల్లించి, సాక్స్‌లెట్‌లో దించేవాడు. అది మూడంతస్తుల గాజు పరికరం. అడుగున మిథనాల్ అనే స్పిరిట్ మరుగుతుంది. ఆవిరి పై అంతస్తుకి పోయి చల్లబడి, చుక్కచుక్కగా నడిమింట్లో ఉన్న పొడి మీద పడుతుంది. అది నిండగానే, మనిషి గుటకేసినట్టు ఒక్క చప్పుడుతో అంతా కిందికి దిగిపోతుంది. మళ్లీ మొదలు. అవతల గదిలో ఎవరితోనో మాట్లాడుతూ కూడా ఆ గుటకలు ఎన్నయ్యాయో ఆయన లెక్క తప్పేవాడు కాదు. చివరికి మిథనాల్ అంతా ఆవిరి చేసేస్తే, మూడు బస్తాల ఆకుకి అరచేతిలో పట్టేంత నల్లటి జిగురు మిగిలేది.

ఆ జిగురుకి రెండు పరీక్షలు. ఒకటి రంగు పరీక్ష. ఊదా రంగు ద్రావణంలో చుక్క వేస్తే, మనిషి ఒంటిని తుప్పు పట్టనివ్వని గుణం ఆకులో ఉంటే ఆ ఊదా వెలిసి పసుపవుతుంది. రెండోది క్రిముల పరీక్ష. ప్లేటులో గడ్డకట్టించిన అగర్ అనే జెల్లీ మీద క్రిముల్ని పరిచి, చొక్కా గుండీకంటే చిన్నదైన కాగితపు డిస్కుని సారంలో తడిపి పెడతారు. మర్నాటికి ప్లేటంతా మీగడ తెట్టులా క్రిములు పెరుగుతాయి. సారంలో సత్తా ఉంటే డిస్కు చుట్టూ మాత్రం, చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు, ఖాళీ వలయం మిగులుతుంది. ల్యాబులో దాన్ని జోను అంటారు. జోను ఎంత పెద్దదైతే ఆ ఆకు అంత గొప్పది.

ఆయన చేత్తో చేసిన సారానికి జోను రాకపోవడమంటూ ఉండేది కాదు. పక్క ల్యాబులవాళ్లు అదే ఆకు తెచ్చి అదే పద్ధతిలో చేసినా వచ్చేది కాదు. "డాక్టర్లకి హస్తవాసి ఉంటుందంటారే, అలా కషాయం గారికి ఆకువాసి" అని నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు. నమ్మేవాడు.

ఇక బుడ్ల సంగతి. తయారైన సారాన్ని ద్రవంలో కరిగించి చిన్న గాజు బుడ్లలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. కాలేజీ స్టోరులో ఆ బుడ్లు అయిపోయి పదకొండేళ్లయింది. అడిగితే "వస్తున్నాయి" అనేవాళ్లు. ఆ వస్తున్నాయి పదకొండేళ్లుగా దారిలోనే ఉన్నాయి. ఆయన భార్య ఒక ఆసుపత్రి వార్డులో ఆయా. వార్డులో వాడేసిన ఇంజెక్షన్ బుడ్లని, రబ్బరు మూతలతో సహా, భోజనం సంచీలో వేసుకొచ్చేది. ఆయన వంటింటి గట్టు మీద కూర్చుని చాకు మొనతో రేకు పట్టీ ఊడదీసి, సబ్బుతో తోమి, గిన్నెలో అరగంట మరిగించి, తువ్వాలు మీద బోర్లించేవాడు.

"గలగలమంటూ రోజూ ఈ సంచీ మోస్తుంటే, మీ ఆయన ఎంత తాగుతాడమ్మా అని పక్కింటావిడ జాలిపడుతోంది" అనేది భార్య.

"రోజుకి డజను బుడ్లు అని చెప్పు. లివరు గట్టిదని చెప్పు."

"నాకేం, చెప్పేశాను కూడా."

ఆయనకి ఒక లోటుండేది. ఆ ల్యాబు నుంచి వందకి పైగా పరిశోధన పేపర్లు వెళ్లాయి. వాటి చివర 'ల్యాబ్ సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఉండేది. సిబ్బంది అంటే ఆయన ఒక్కడే. బడిపంతులైన బావమరిది ఇంటికొచ్చినప్పుడల్లా కాళ్లు చాపుకుని, "ఏం బావా, ఇవాళ ఎన్ని కడిగావు?" అని అడిగేవాడు. ముప్ఫై ఏళ్లుగా అదే ముక్క. ఏదో ఒకరోజు తన పేరు అచ్చయిన పేపరు ఆ చాపిన కాళ్ల ముందు పడెయ్యాలని ఆయన కోరిక. చిన్న కోరికే. పైకి చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోలేదు.

ఆ అవకాశం పెరటి కంచె మీంచి వచ్చింది. ఒక ఉదయం పళ్లు తోముకుంటూ కంచెకి అల్లుకున్న అడవి తీగని చూశాడు. పక్కనున్న మొక్కలన్నిటి ఆకులూ పురుగు కొట్టి జల్లెడలయ్యాయి. ఈ తీగకి ఒక్క చిల్లు కూడా లేదు. పురుగు ముట్టని ఆకులో ఏదో ఉండి తీరాలి. కోసి ల్యాబుకి తీసుకెళ్లాడు. రంగు పరీక్షలో ఊదా చిటికెలో వెలిసింది. క్రిముల పరీక్షలో జోను ఇరవై రెండు మిల్లీమీటర్లు. మందుల షాపులో కొన్న మందు పక్కన పెట్టి చూస్తే దానితో భుజం కలిపి నిలబడింది.

ప్రొఫెసర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నవాణ్ణి పిలుచుకురావయ్యా" అన్నాడు. "ఈసారి పేపర్లో నీ పేరు వేస్తాను. మాట."

అప్పట్నుంచి ఆ తీగ సారాన్ని ఆయన పసిబిడ్డలా చూసుకున్నాడు. మిగతా ఆకులకి పాత బుడ్లు. కంచె తీగకి మాత్రం భార్య అప్పుడే తెచ్చినవి, మూత బిగుతుగా ఉన్నవి ఏరి పెట్టేవాడు.

పనిని ముందుకు తీసుకెళ్లడానికి ఒక కొత్తమ్మాయి పరిశోధనలో చేరింది. సన్నగా, ఊదితే ఎగిరిపోయేలా ఉండేది గానీ పనిలో మొండిఘటం. తనకోసం ఒక పెట్టెడు కొత్త సీసాలు తెప్పించుకుంది, మర మూతలవి. మొదటిరోజే ఆయన్ని "బాబాయ్" అంది. పిల్లల్లేని ఇంట్లో ఆ మాట రెండు రోజులు చెప్పుకున్నారు.

ఆర్నెల్లు గడిచాయి. ఆ అమ్మాయి సారంతో ఊదా రంగు వెలుస్తోంది గానీ, క్రిములు మాత్రం డిస్కు అంచుదాకా ధీమాగా పెరుగుతున్నాయి. ప్రొఫెసర్ గారు ప్లేటు గాల్లోకెత్తి అందరి ముందూ అన్నాడు: "అదే ఆకు, అదే గొట్టం. కషాయానికి ఇరవై రెండు వస్తే నీకు సున్నా. అవి చేతులా, చీపురు పుల్లలా? వచ్చే నెల ఇలాగే ఉంటే ఇంకో సబ్జెక్టు చూసుకో."

ఆ అమ్మాయి ఏడవలేదు. తొట్టి దగ్గరికొచ్చి కుళాయి తిప్పి ఊరికే నిలబడింది.

"రేపు నీ పక్కనే కూర్చుంటా తల్లీ. ఎక్కడ తప్పుతోందో చూద్దాం" అన్నాడు ఆయన.

మర్నాడంతా కూర్చున్నాడు. తప్పు దొరకలేదు. నిజం చెప్పాలంటే ఆమె పని ఆయన పనికంటే శుభ్రంగా ఉంది. తూకం వేసేటప్పుడు ఊపిరి కూడా పక్కకి తిప్పి వదులుతోంది. సాయంత్రం సామాను సర్దుతుంటే ఆమె చెయ్యి తగిలి సీసా ఒకటి కిందపడి పగిలింది. సారంలో సగం అప్పటికే ఇంకో సీసాలో పోసింది, ఇందులో పొయ్యాల్సిన సగం ఇంకా గిన్నెలోనే ఉంది. ఆయన తన డబ్బాలోంచి, భార్య కొత్తగా తెచ్చిన బుడ్డి ఒకటి తీసిచ్చాడు. "ఇందులో పొయ్యి. పాలు మారిస్తే పెరుగు బాగా తోడుకుంటుందంటారు, బుడ్డి మారిస్తే అదృష్టం తోడుకుంటుందేమో."

మూడో రోజు రెండిట్లోని సారానికీ డిస్కులు పెట్టింది. నాలుగో రోజు పొద్దున్నే మెట్లమీద పరుగెత్తుకుంటూ వచ్చింది. "బాబాయ్! ఇరవై ఒకటి! మీ చెయ్యి తగిలింది బాబాయ్!" ప్లేటు వెలుతురుకి పట్టి చూపించింది. చక్కటి, గుండ్రటి జోను. ప్రొఫెసర్ గారు వచ్చి భుజం తట్టాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే బల్ల మీదున్న ఆమె సీసా వైపు చూశాడు.

అదే గిన్నెలోని సారం. సగం ఆమె సీసాలో ఉంది, సగం తన బుడ్డిలో. సీసాలోది ఒక్క క్రిమినీ చంపలేదు. చెయ్యి రెండిటికీ ఆమెదే. మారింది బుడ్డి ఒక్కటే.

ఆదివారం ల్యాబులో ఎవరూ లేనప్పుడు వచ్చాడు. డబ్బాలోంచి కొత్త బుడ్డి ఒకటి తీసి, ఆకు లేకుండా, సారం లేకుండా, వట్టి శుద్ధమైన నీళ్లు పోసి, మూత బిగించి, ఊపి ఫ్రిజ్‌లో పెట్టాడు. రెండు రోజులాగి ఆ నీళ్లలో డిస్కు తడిపి ప్లేటు మీద పెట్టాడు. మర్నాడు చూస్తే నీళ్ల చుట్టూ వరదగుడి. స్కేలు పెట్టి కొలిచాడు. పందొమ్మిది.

రబ్బరు మూతని తిరగేసి చూశాడు. కింద గాడి ఉంది. సూది గుచ్చే చోట సన్నటి చీలిక. ఇంజెక్షన్ మందు ఆ గాడిలో, చీలికలో ఎండి కూర్చుంది. మరిగిస్తే చచ్చే మందులు కొన్ని, మరిగించినా చావనివి కొన్ని. ఇది రెండో రకం. ఆయన ఎంత తోమినా, ఎంత మరిగించినా అది తన గూట్లో తానుంది. సారం పోసి ఊపినప్పుడల్లా కాస్త దిగి వచ్చింది. సరిచూడ్డానికి పెట్టే వట్టి ద్రవం డిస్కులో ఇది ఎందుకు పట్టుబడలేదంటే, ఆ ద్రవాన్ని ఆయన ఎప్పుడూ పెద్ద సీసాలోంచి నేరుగా తీసేవాడు. అది బుడ్డి మొహం చూసి ఎరగదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు.

అలవాటు చొప్పున నీలం అట్ట రిజిస్టరు తీశాడు. 'రాయనిది జరగనట్టే' అని విద్యార్థులకి పాట పాడిన మనిషి. చెయ్యి ఆగలేదు. తేదీ వేసి రాశాడు: 'బుడ్డి. నీళ్లు మాత్రమే. రెండు రోజులు. జోను 19.' మళ్లీ ఇంకో బుడ్డితో చేశాడు. 18. అదీ రాశాడు.

ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. ఆవిడ కూర తరుగుతున్న చాకు పక్కన పెట్టింది.

"అంటే ఇన్నాళ్లూ క్రిముల్ని చంపింది మీ ఆకు కాదు. నేను చెత్తబుట్టలోంచి ఏరుకొచ్చిన సరుకు."

"ఊఁ."

"అయితే ఆ పేపర్లో నా పేరు వెయ్యమనండి." నవ్వబోయి ఆయన మొహం చూసి ఆపేసింది. మళ్లీ చాకు అందుకుని, "ఇంకెన్నాళ్లు మీ సర్వీసు? ఎనిమిది నెలలు. నోట్లో నీళ్లు పోసుకుని కూర్చోండి. మీరు చెప్పినంత మాత్రాన చచ్చిన క్రిములు లేచొస్తాయా?" అంది.

అయినా ప్రొఫెసర్ గారి గదికి వెళ్లాడు. ప్లేటు బల్ల మీద పెట్టాడు. ప్రొఫెసర్ గారు దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"నీళ్లలో ఏదో కలిసుంటుంది."

"రెండుసార్లు చేశాను సార్."

"మూడోసారి చెయ్యకు."

తర్వాత ప్రొఫెసర్ గారు గొంతు తగ్గించాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "ఏమయ్యా, లోకంలో ఏ పేపరు కింద చూసినా ఎక్కడో ఒక కడగని బుడ్డి ఉంటుంది. మనది పత్రికవాళ్లు తీసుకున్నారు. వచ్చే నెల అచ్చు. నీ పేరు మూడోది. ఇంకెవరికైనా తెలుసా?"

"ల్యాబులో ఎవరికీ తెలీదు సార్."

"మంచిది."

ఆయన ప్లేటు తీసుకుని బయటికొచ్చాడు. క్రిములున్న ప్లేటు ఊరికే పారెయ్యకూడదు కాబట్టి ఆవిరి పెట్టెలో పెట్టి ఉడికించాడు. జోను, క్రిములు, అగర్ అన్నీ కరిగి ఒకటే జావ అయ్యాయి.

వారం తర్వాత కొత్తమ్మాయి వచ్చింది. అదృష్టాన్ని నమ్మే రకం కాదు ఆమె. "బాబాయ్, మళ్లీ రెండు రకాలుగానూ చేసి చూశాను. మీ బుడ్డిలో పెడితే వస్తోంది. నా సీసాలో పెడితే రావట్లేదు. ఏంటంటారు తేడా?"

ఇంకొక్క అడుగు వేస్తే ఆమే చేరుకునేది. ఆయన ఆ అడుగుకి అడ్డం నిలబడ్డాడు.

"నీ సీసాల గాజు వేరు తల్లీ. అది సారాన్ని పీల్చేస్తుంది. పాత రకం గాజుకి ఆ గుణం ఉండదు."

అంత నున్నగా అబద్ధం వస్తుందని ఆయనకే తెలియదు. ఆమె కళ్లు మెరిశాయి. ఇంకెవరైనా చెప్పి ఉంటే సవాలక్ష ప్రశ్నలు వేసేది. బాబాయ్ చెప్పాడు కాబట్టి నమ్మింది.

నమ్మి ఊరుకోలేదు, పనిలో దిగింది. గాజు ఏది పీలుస్తుందో, ఎంత పీలుస్తుందో తేల్చాలని ఏడు రకాల సీసాలు తెప్పించింది. నాలుగు నెలలు రోజూ సారం పోసి, తీసి, కొలిచి పట్టికలు గీసింది. లెక్కలు ఎటూ తేలేవి కావు. తేలనివాటికి కారణాలు వెతికి ఇంకో నెల పని కల్పించుకునేది. మధ్యాహ్నం భోజనం డబ్బా ముందు పెట్టుకుని, "మీ మాట మీద ఒక అధ్యాయమే రాస్తున్నా బాబాయ్. అందులో మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెబుతా" అనేది. ఆయన తన డబ్బాలోని కూర ఆమె వైపు జరిపేవాడు. రేపు చెబుదాం అనుకునేవాడు. రేపు వచ్చాక, పేపరు అచ్చయ్యాక చెబుదాం అనుకున్నాడు. అచ్చయ్యాక, ఇప్పుడేం చెబుతాం అనుకున్నాడు.

పేపరు వచ్చింది. మూడో పేరు ఆయనదే. ఇంటిపేరు మొదటి అక్షరంతో సహా తప్పుల్లేకుండా అచ్చయింది. బావమరిది వచ్చినప్పుడు ఆయన పడెయ్యలేదు. భార్యే తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. బావమరిది కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదివాడు. చాపిన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "నాకో కాపీ ఇవ్వు బావా. బళ్లో పిల్లలకి చూపిస్తా" అన్నాడు. ముప్ఫై ఏళ్లు ఎదురుచూసిన క్షణం అది. ఆయన లేచి మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాడు.

గాజు గుణాల కోసం పాత లెక్కలు కావాలనుకుంది కొత్తమ్మాయి. ఆయన సెలవులో ఉన్న రోజు నీలం అట్ట రిజిస్టర్లు ఒక్కొక్కటీ తిరగేసింది. మర్నాడు ఆయన వచ్చేసరికి, ఒక రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టి, దాని ముందు నిలబడి ఉంది.

"ఇది మీ చేతిరాతేనా?"

"నాదే తల్లీ."

"ఈ తేదీ, మీరు నాకు గాజు సంగతి చెప్పినదానికంటే పది రోజుల ముందుది."

ఆయన చేతిలోని సంచీ బల్ల మీద పెట్టాడు.

"నాలుగు నెలలు బాబాయ్. మీ ఎదురుగానే కూర్చుని చేశాను కదా. డబ్బాలో కూర కూడా పంచుకున్నాం కదా." గొంతు పెంచలేదు. పట్టిక చదువుతున్నట్టే చెప్పింది. "ఒక్కసారైనా అనిపించలేదా మీకు?"

"రోజూ అనిపించింది" అన్నాడు ఆయన. నిజమే చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆగాల్సిన పనీ లేదు. రిజిస్టరు పేజీతో సహా కాలేజీ పెద్దలకి రాసింది. ముగ్గురు పెద్దమనుషులు విచారణకి కూర్చున్నారు. ప్రొఫెసర్ గారు తెల్లచొక్కా మడత నలగకుండా కూర్చుని, బుడ్ల వ్యవహారం తనకేమీ తెలియదన్నాడు. ఆసుపత్రి చెత్త ల్యాబులోకి వస్తోందని తెలిస్తే ఒక్కరోజు కూడా ఊరుకునేవాణ్ణి కాదన్నాడు.

"నేను సార్‌కి చెప్పాను. ప్లేటు కూడా చూపించాను" అన్నాడు కషాయం గారు.

"ప్లేటు ఏది?"

"ఉడికించి పారేశాను."

"చెప్పినట్టు రిజిస్టరులో రాశారా?"

"లేదు."

"మీరు అన్నీ రాస్తారని పేరుందే. ఇదొక్కటే ఎందుకు రాయలేదు?"

రాయనిది జరగనట్టేనని ముప్ఫై ఎనిమిదేళ్లు చెప్పింది ఆయనే. ఆ మాటే ఇప్పుడు బల్లకి అటుపక్క కూర్చుంది.

పత్రికలో సవరణ వచ్చింది, నాలుగు వాక్యాలు. రంగు పరీక్ష ఫలితం నిలుస్తుందనీ, క్రిముల పరీక్ష ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నామనీ, మూడో రచయిత వాడిన పాత ఇంజెక్షన్ బుడ్లే దోషానికి కారణమనీ. మూడో రచయిత పేరు మళ్లీ అచ్చయింది, ఈసారీ తప్పుల్లేకుండా. రంగు పరీక్ష నిలిచిందంటే పెద్ద గొప్పేం కాదు. ఊదా రంగుని టీ ఆకు కూడా వెలిసేలా చేస్తుంది. ప్రొఫెసర్ గారు ఆ ఏడాది ఇంకో మొక్క మీద పని మొదలుపెట్టాడు. బావమరిది ఇప్పటికీ వస్తాడు. బుడ్ల మాట ఎత్తడు. కాళ్లు చాపడు. వెటకారమాడినంత కాలం ఏదో చుట్టరికం ఉండేది. ఇప్పుడు జబ్బుమనిషిని చూడ్డానికి వచ్చినట్టు వచ్చి, టీ తాగి వెళ్లిపోతాడు.

కొత్తమ్మాయి గైడుని మార్చుకుంది. ఆమె పరిశోధనలో ఒక ఏడాది పని వృథా అయింది. గాజు అధ్యాయం చింపేసింది. కొత్త గైడు ఆమెకి ఒక పని అప్పగించింది. పదకొండేళ్లుగా ల్యాబు నుంచి వెళ్లిన ఫలితాల్లో ఏవి బుడ్లలో నిలవున్న సారంతో వచ్చాయో, ఏవి కాదో జాబితా తయారుచెయ్యాలి. రిజిస్టర్లలో ఆకు పేరుంది, తేదీ ఉంది, జోను ఉంది. దేంట్లో పోశారో లేదు. అది తెలిసింది ఒక్క మనిషికే. ఆ మనిషికి ఇంకా మూడు రోజుల సర్వీసుంది.

పొద్దున పదింటికి ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో రిజిస్టర్లు. ఆమె ఎర్ర కలం మూత తీసింది.

"జామాకు. జోను పద్నాలుగు."

"బుడ్డి."

ఆమె అడ్డంగా గీత కొట్టింది.

"దానిమ్మ తొక్క. పదహారు."

"బుడ్డి. కాదు, ఆగమ్మా, అది స్టోరువాళ్లు ఆఖరిసారి ఇచ్చిన సీసాల్లోది. ఆ యేడు వానలకి మేడమీద గది కురిసింది. అందుకని గుర్తు. అది నిజమే."

"నిజమే అంటే సరిపోదు. సీసానా, బుడ్డా, అంతే చెప్పండి."

"సీసా."

టిక్కు పెట్టింది. పుదీనా, బుడ్డి. నిమ్మగడ్డి, బుడ్డి. కలబంద మూడుసార్లు చేశారు, మూడుసార్లూ బుడ్డి. ప్రతి ఆకూ ఆయనకి గుర్తుంది. ఎవరు కోసుకొచ్చారో, ఎన్నాళ్లు ఆరిందో, ఎవరు దాని మీద డాక్టరేటు తీసుకుని ఎక్కడ ఉద్యోగంలో చేరారో అన్నీ నోటిదాకా వస్తున్నాయి. ఆమె అడగడం లేదు. ఎర్ర గీత పడుతున్నప్పుడల్లా ఆ మనుషులు ఒక్కొక్కళ్లే గదిలోంచి లేచి వెళ్లిపోతున్నట్టుంది.

మధ్యలో ఒకసారి కలం ఆగిపోయింది. సిరా అయిపోయింది. ఆయన జేబులోంచి తన కలం తీసివ్వబోయాడు. ఆమె సంచీలో ఇంకోటుంది, తీసుకుంది.

రెండున్నరకి కంచె తీగ పేజీ వచ్చింది. ఆమె చదవలేదు. ఆయన చెప్పనూ లేదు. పేజీ మొత్తం మీద ఒకే గీత మూల నుంచి మూలకి గీసింది.

"అయిపోయిందండీ. ఇక్కడ సంతకం పెట్టండి."

సంతకం పెట్టాడు. రెండు వందల పదకొండింటిలో పదిహేడు మిగిలాయి. "టీ ఏమైనా తాగుతావా తల్లీ, పొద్దున్నుంచీ..." అంటూ లేచాడు.

"వద్దండీ. పనుంది."

అప్పటికే తూకం యంత్రం దగ్గర కూర్చుని, కాగితం మీద ఏదో పొడి పోస్తూ, ఊపిరి పక్కకి తిప్పి వదులుతోంది. అంకెలు నిలకడ పడే వేళ అది. గాలి తగిలితే మొదటికొస్తుంది. ఆయన బయటికొచ్చి, గడియ చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.